మామ దుకాణంలో నా జావా ఓడిపోయింది

ఊప్స్ అంటే ఏంటో నన్ను అర్ధరాత్రి నిద్రలేపి అడిగినా చెప్పేస్తాను. ఎన్‌క్యాప్సులేషన్, అబ్‌స్ట్రాక్షన్, ఇన్‌హెరిటెన్స్, పాలీమార్ఫిజం. బీటెక్ రెండో ఏడాదిలో బట్టీ పట్టిన ఈ నాలుగు మాటలతోనే క్యాంపస్ ఇంటర్వ్యూ గట్టెక్కాను. మీలో చాలామందిది కూడా ఇదే కథ అయ్యుంటుంది. 'జంతువు' అని ఒక క్లాస్, దాని కింద 'కుక్క', 'పిల్లి'. కుక్క మొరుగుతుంది, పిల్లి మ్యావ్ అంటుంది. ల్యాబ్ రికార్డులో రాశాం, సంతకం పెట్టించుకున్నాం, అయిపోయింది.

ఉద్యోగంలో చేరి ఆరేళ్లు దాటింది. ఇప్పటిదాకా ఒక్క క్లయింటు కూడా కుక్కను మొరిగించమని అడగలేదు. అసలు పరీక్ష పెట్టింది మా మేనమామ. అదీ మామిడికాయలతో.

మాది అబ్దుల్లాపూర్‌మెట్. విజయవాడ హైవే మీద పోయేవాళ్లకు మా ఊరంటే ఫిల్మ్ సిటీ బోర్డు, కొంచెం ట్రాఫిక్, అంతే. మా చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీలు ఎన్ని ఉన్నాయంటే, పొద్దున పసుపు రంగు బస్సులు తప్ప రోడ్డు మీద ఇంకేం కనపడవు. ఇప్పుడు వాటికి తోడు లారీలు. హైదరాబాద్ గడ్డిఅన్నారంలో దశాబ్దాలుగా ఉన్న పండ్ల మార్కెట్‌ను 2022లో మా పక్కనున్న బాటసింగారానికి తరలించారు. పాత జాగాను పెద్దాసుపత్రి కట్టడానికి ఇచ్చారు. అలా మా మామ కమీషన్ దుకాణం కూడా మా ఇంటికి బండి మీద కొద్ది నిమిషాల దూరంలోకి వచ్చేసింది.

2023 వేసవికి ముందు ఒక ఆదివారం మామ ఇంటికొచ్చాడు.

"అల్లుడా, నువ్వు సాఫ్ట్‌వేర్ గదా. మన దుకాణానికి ఒకటి చెయ్యరాదు? సీజన్ల లెక్కలు తేలేసరికి రాత్రి పన్నెండైతుంది."

అంత చిన్న పనా అనిపించింది. ఆఫీసులో నేను లక్షల లావాదేవీలు నడిచే సిస్టమ్ మీద పనిచేస్తున్నాను, మామిడికాయలు ఒక లెక్కా! నిజం చెప్పాలంటే కొంచెం గర్వం కూడా. మా ఇంట్లో నేను చేసే పని ఏంటో ఎవరికీ తెలియదు. లాప్‌టాప్ ముందు కూర్చుని నాలో నేను గొణుక్కుంటూ ఉంటానని మాత్రమే తెలుసు. మొదటిసారి నా కోడ్ మావాళ్ల కళ్ల ముందు నడుస్తుంది.

మూడు వీకెండ్లు కూర్చున్నాను. ముందు పుస్తకంలో చెప్పినట్టే తెల్ల కాగితం మీద చెట్టు గీశాను. పైన 'వ్యక్తి'. దాని కింద 'రైతు', 'ఖరీదుదారు', 'హమాలీ', 'డ్రైవర్'. వ్యక్తికి పేరు, ఫోన్ నంబర్. రైతుకు ఊరు, మామ దగ్గర తీసుకున్న అడ్వాన్సు, రావాల్సిన డబ్బు. ఖరీదుదారుకు ఎంతవరకు అప్పు ఇవ్వచ్చో ఒక పరిమితి, ఇప్పటిదాకా ఉన్న బాకీ. హమాలీకి ఎన్ని బాక్సులు దించాడో ఆ లెక్క. అందరికీ కామన్‌గా ఉండేవి తండ్రి క్లాసులో, ఎవరివి వాళ్లకు పిల్ల క్లాసుల్లో. గీసుకున్న బొమ్మ ఎంత ముద్దుగా వచ్చిందంటే, ఫొటో తీసి స్టేటస్ పెట్టుకున్నాను.

మొదటి పదిరోజులు మామ కాలు నేల మీద లేదు. పక్క దుకాణం వాళ్లను పిలిచి మరీ చూపించాడు. రైతు చేతికి ఇచ్చే తక్‌పట్టీ మిషన్లోంచి సర్రున బయటికి వస్తుంటే, "మా అల్లుడు చేసిండు" అని ప్రతి ఒక్కరికీ చెప్పాడు. దుకాణంలో ఒక గుమాస్తా తాత ఉన్నాడు. ఎన్నో ఏళ్లుగా మామ దగ్గరే పని. ఎర్ర అట్ట పుస్తకంలో లెక్క రాయడం ఆయన పని. తాత నా సాఫ్ట్‌వేర్‌ను ఒక్క మాట అనలేదు. పుస్తకం రాయడం మాత్రం ఆపలేదు. నాకు లోపల కొంచెం చిరాకు వేసింది. నమ్మకం లేదా ఈయనకు అని.

పన్నెండో రోజు మొదటి దెబ్బ తగిలింది.

ఒక రైతు బేనిషాన్ తెచ్చాడు. మొత్తం 1,200 కిలోలు. పాట కిలో 40 రూపాయలకు ఆగింది. సరుకు విప్పి చూస్తే అందులో 300 కిలోలు మచ్చ కాయ. ఇలాంటప్పుడు లాట్‌ను రెండు ముక్కలు చేస్తారు. మంచి కాయ 900 కిలోలు 40 లెక్కన, మచ్చ కాయ 300 కిలోలు 25 లెక్కన. అంటే 36,000 ప్లస్ 7,500, మొత్తం 43,500. నా ప్రోగ్రామ్ ప్రింట్ చేసిన తక్‌పట్టీలో, కమీషన్, హమాలీ కోతలకు ముందు ఉన్న అంకె 30,000.

ఆ రైతు కాగితం చూశాడు. ఇంకోసారి చూశాడు. "సేటూ, నేను చదువుకోలె గానీ లెక్కొస్తది. నలభై మూడున్నర వేలు రావాలె. ముప్పై ఏంది?"

13,500 రూపాయల తేడా. ఆయన అడగకపోతే అలాగే పోయేది.

రాత్రి కూర్చుని వెతికితే తప్పు దొరికింది. లాట్‌ను రెండు ముక్కలు చేసేటప్పుడు రెండో ముక్కకు కొత్త రేటు ఆబ్జెక్ట్ తయారు చేయకుండా, మొదటి ముక్క రేటునే దానికీ తగిలించాను. అంటే రెండు ముక్కలకూ కలిపి ఒకటే పలక. మచ్చ కాయకు 25 అని రాయగానే మంచి కాయ రేటు కూడా 25 అయి కూర్చుంది. 1,200 ఇంటూ 25, ముప్పై వేలు. ప్రోగ్రామ్ ఎర్రర్ ఇవ్వలేదు. ఇవ్వదు కూడా. దాని దృష్టిలో తప్పేమీ జరగలేదు.

నవ్వొచ్చే విషయం ఏంటంటే, ఎన్‌క్యాప్సులేషన్ గురించి నాకు పది మార్కుల జవాబు వచ్చు. నా క్లాసుల్లో ప్రతి ఫీల్డూ ప్రైవేటే. కానీ ప్రతి దానికీ ఒక గెట్, ఒక సెట్. తలుపుకు తాళం వేసి, చెవి పక్కనే మేకుకు తగిలించినట్టు. ఎవరైనా వచ్చి రేటు తీసుకోవచ్చు, మార్చేసి పోవచ్చు. కాలేజీలో మనకు నేర్పింది తాళం వెయ్యడం. చెవి ఎవరికివ్వాలన్నది సిలబస్‌లో లేదు.

ఈ తప్పు నా ఒక్కడిదే కాదని తర్వాత తెలిసింది. జావాలో మొదట్నుంచీ ఉన్న తేదీ క్లాస్ 'డేట్' కూడా ఇలాంటిదే. ఒకసారి ఇచ్చిన తేదీని ఎవరైనా లోపలికి వెళ్లి మార్చేయొచ్చు. దానివల్ల ఎందరి ప్రోగ్రాములు తలకిందులయ్యాయో. చివరికి 2014లో వచ్చిన జావా 8లో, ఒకసారి తయారైతే మారని కొత్త తేదీ క్లాసులు తెచ్చారు. నేను కూడా రేటును అలాగే మార్చాను. కొత్త రేటు కావాలా, కొత్త ఆబ్జెక్ట్ తయారు చేసుకో. పాతదాన్ని ముట్టుకోకు. ఆ రైతుకు మామ అక్కడికక్కడే సరైన డబ్బు ఇచ్చాడు. కథ అక్కడితో సుఖాంతం అనుకున్నాను.

రెండో దెబ్బ బగ్ కాదు. అందుకే ఎక్కువ నొప్పి.

చౌటుప్పల్ అవతలి నుంచి ఒక పెద్దాయన మామకు పదిహేనేళ్లుగా సరుకు తెచ్చేవాడు. సొంత తోట ఉంది. ఆ ఏడాది ఆయన కాయ తొందరగా అయిపోయింది. అమ్మిన డబ్బులో 62,000 మామ దగ్గరే ఉంచాడు. బిడ్డ పెళ్లుంది, ఒకేసారి తీసుకుంటా అని. తోట అయిపోయాక ఊరికే కూర్చోలేదు. మామ దగ్గరే బాక్సులు కొని, వనస్థలిపురంలో బండి మీద చిల్లరగా అమ్మడం మొదలుపెట్టాడు. అలా 18,000 రూపాయల సరుకు అప్పు మీద తీసుకెళ్లాడు.

నా ప్రోగ్రామ్‌లో ఆయన ఇద్దరు మనుషులు. రైతు నంబర్ 41, మామ ఇవ్వాల్సింది 62,000. ఖరీదుదారు నంబర్ 17, మామకు రావాల్సింది 18,000. ఒకరి గురించి ఒకరికి తెలియదు. పైగా నేను ఒక తెలివైన రూల్ పెట్టాను. ఖరీదుదారు బాకీ 15,000 దాటి వారమైతే పేరు ఎర్రగా కనపడాలి, కొత్త సరుకు ఇవ్వకూడదు.

ఆ రోజు గుమాస్తా తాత పెళ్లికి పోయాడు. కౌంటర్ దగ్గర కొత్తగా చేరిన పిల్లగాడు కూర్చున్నాడు. పెద్దాయన వచ్చి పది బాక్సులు అడిగాడు. పిల్లగాడు ఫోన్ చూసి, అందరూ వింటుండగా, "నీ పేరు ఎర్రగ చూపిస్తుంది. పాత బాకీ కడితెనే సరుకు" అన్నాడు.

లెక్క మీరే చూడండి. ఆయన బాకీ పోగా మామే ఆయనకు 44,000 ఇవ్వాలి. ఆ డబ్బు మామ దగ్గర పెట్టుకుని, పదిమందిలో ఆయన్నే అప్పు అడిగాం.

ఆయన గొడవ చెయ్యలేదు. సాయంత్రం మామ వచ్చేదాకా చెట్టు కింద కూర్చున్నాడట. "లెక్క తేల్చి ఇయ్యి సేటూ" అన్నాడు. 44,000 లెక్కపెట్టుకుని, పైసలు తువ్వాలలో చుట్టుకుని పోయాడు. ఆ తర్వాతి వారం వేరే దుకాణంలో కనిపించాడు.

మామ నన్ను ఒక్క మాట అనలేదు. "మిషన్‌కేం తెలుసు బిడ్డా" అన్నాడు. అదే గుచ్చుకుంది. మిషన్‌కు తెలియదు నిజమే. కానీ దానికి రైతు వేరు, ఖరీదుదారు వేరు అని చెప్పింది నేను.

ఇందులో కోడ్ తప్పు ఎక్కడా లేదు. ప్రతి లైనూ నేను అనుకున్నట్టే పనిచేసింది. నేను అనుకున్నదే తప్పు. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ ఎందుకు కష్టమో అప్పుడు మొదటిసారి అర్థమైంది. సింటాక్స్ ఒక వారంలో వస్తుంది. కానీ ఒక క్లాస్ రాసిన ప్రతిసారీ మనం లోకం గురించి ఒక తీర్పు చెప్తున్నాం. ఇది ఇదీ, అది అదీ అని. ఆ తీర్పు పని మొదలవ్వకముందే, అంటే మనకు విషయం అతి తక్కువగా తెలిసిన రోజున చెప్తాం. తర్వాత వెయ్యి లైన్లు ఆ తీర్పు మీద కట్టుకుంటాం.

జావాలో ఒక ఆబ్జెక్ట్ పుట్టినప్పుడు ఏ క్లాసో, పోయేదాకా అదే క్లాస్. రైతుగా పుట్టిన ఆబ్జెక్ట్ మధ్యాహ్నం ఖరీదుదారు కాలేదు. బాటసింగారంలో మాత్రం అలా కాని మనిషి దొరకడం కష్టం. వానాకాలం పొలం చేసుకుని ఎండాకాలం హమాలీ పనికి వచ్చేవాళ్లున్నారు. సొంత బండి నడుపుతూ సొంత కాయ తెచ్చే డ్రైవర్లున్నారు. మా మామకే రెండెకరాల తోట ఉంది, ఆయన కాయ ఆయన దుకాణంలోనే పాట పాడతారు.

మొదట నాకు తట్టిన ఉపాయం ఏంటో తెలుసా? 'రైతు-ఖరీదుదారు' అని ఇంకో క్లాస్ పెడదామని. తర్వాత 'రైతు-హమాలీ'. తర్వాత 'డ్రైవర్-రైతు'. కాగితం మీద లెక్క వేశాను. నాలుగు పనులకు అన్ని కలయికలూ కలిపితే 15 క్లాసులు. ఐదో పని వస్తే 31. పెన్ను కింద పెట్టేశాను.

అసలు ఈ పద్ధతి ఎక్కడ పుట్టిందా అని ఆ రోజుల్లో చదివాను. నార్వేలో ఓలే యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ అనే ఇద్దరు 1960ల్లో సిములా అనే భాష తయారు చేశారు. సిములా 67లో క్లాసులు, ఇన్‌హెరిటెన్స్ అన్నీ ఉన్నాయి. పేరులోనే ఉంది, సిమ్యులేషన్ కోసం పుట్టిన భాష. క్యూలో ఎంతమంది నిలబడతారు, పని ఎంతసేపు పడుతుంది, ఇలాంటివి కంప్యూటర్లో నడిపి చూడటానికి. అక్కడ రైతు రైతుగానే ఉంటే చాలు, ఎందుకంటే ఆ లోకం ప్రోగ్రామ్ నడిచినంతసేపే. మా మామ లోకం రాత్రి ఆపేసి పొద్దున కొత్తగా మొదలుపెట్టేది కాదు. నిన్నటి అప్పు ఇవాళ కూడా అప్పే.

'ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్' అనే పేరు పెట్టింది అమెరికాకు చెందిన అలన్ కే. జీవశాస్త్రం చదివిన మనిషి. శరీరంలో కణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ పనిచేసినట్టు ప్రోగ్రామ్ కూడా చెయ్యాలన్నది ఆయన ఊహ. 1970ల్లో జిరాక్స్ పార్క్‌లో స్మాల్‌టాక్ భాష అలాగే వచ్చింది. తర్వాత చాలా ఏళ్లకు, ఆ 'ఆబ్జెక్ట్' అనే మాట పెట్టి తప్పు చేశానని ఆయనే రాశాడు. అందరూ వస్తువుల మీద పడ్డారు, అవి ఒకదానికొకటి పంపుకునే సందేశాలే అసలు సంగతి అని ఆయన బాధ. పేరు పెట్టినాయనే అలా అన్నాడని మా కాలేజీలో ఎవరూ చెప్పలేదు. చెప్పుంటే నేను రైతు ఎవరు అని కాకుండా, రైతు వచ్చి ఏం అడుగుతాడు అని మొదలుపెట్టేవాణ్నేమో.

ఇంకో విషయం నన్ను చాలా ఓదార్చింది. జావాలో 'స్టాక్' అని ఒక క్లాస్ ఉంది. మామిడి బాక్సులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు. పైనే పెట్టాలి, పై నుంచే తియ్యాలి. జావా చేసినవాళ్లు ఈ స్టాక్‌ను 'వెక్టర్' అనే ఇంకో క్లాసుకు పిల్లగా పెట్టారు. వెక్టర్‌లో ఎక్కడినుంచైనా తియ్యొచ్చు, మధ్యలో కూడా పెట్టొచ్చు. తండ్రి ఆస్తి పిల్లకు వచ్చినట్టు ఆ గుణం స్టాక్‌కు కూడా వచ్చేసింది. కాబట్టి పేర్చిన బాక్సుల్లో మధ్యదాన్ని లాగేయొచ్చు, ఎవరూ ఆపరు. 1996లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచి ఇప్పటిదాకా అది అలాగే ఉంది. తియ్యడానికి లేదు, పాత ప్రోగ్రాములు ఆగిపోతాయి. తండ్రి స్థానంలో పిల్లను పెట్టినా ఎవరికీ ఆశ్చర్యం కలగకూడదని బార్బరా లిస్కోవ్ 1987లోనే చెప్పారు. ఆమెకు 2008 ట్యూరింగ్ అవార్డు వచ్చింది. అంత పెద్దవాళ్లు చెప్పాక కూడా, జావా చేసినవాళ్లే అక్కడ తడబడ్డారు. నేనెంత!

అలాగని ఇన్‌హెరిటెన్స్ దండగ అనను. మీ చేతిలో ఉన్నది ఆండ్రాయిడ్ ఫోన్ అయితే, అందులో తెర మీద కనపడే చాలావాటికి మూలం 'వ్యూ' అనే క్లాస్. దాని పిల్ల 'టెక్స్ట్‌వ్యూ', దాని పిల్ల 'బటన్'. హాయిగా నడుస్తోంది. ఎందుకంటే బటన్‌ను పుట్టించింది ప్రోగ్రామర్లే. మనం గీసిన గీత అది దాటదు. మధ్యాహ్నానికి బటన్ హమాలీ పనికి పోదు. చిక్కంతా మనం పుట్టించని వాటిని క్లాసుల్లో పెట్టాలని చూసినప్పుడే.

ఇది మామిడికాయలతో ఆగేదైతే బాగుండు. మాది భూముల ధరలు ఆకాశంలో ఉన్న మండలం, పొద్దున లేస్తే పాస్‌బుక్ ముచ్చట్లే. పాత పహాణీల్లో పట్టాదారుకు ఒక గడి, అనుభవదారుకు ఒక గడి ఉండేవి. భూమి ఎవరి పేరు మీద ఉంది అన్నది ఒకటి, ఎవరు దున్నుతున్నారు అన్నది ఇంకొకటి. 2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్ మొదలైనప్పుడు అందులో అనుభవదారు గడి లేదు. అది మంచిదా చెడ్డదా అన్నది పెద్ద రాజకీయం, నేను అందులోకి పోను. ప్రోగ్రామర్ కళ్లతో చూస్తే మాత్రం అది ఒక క్లాస్‌లో ఒక ఫీల్డ్ లేకపోవడం. తెర మీద గడి లేకపోతే, ఆ మనిషి ఉన్నాడని చెప్పడానికి ఆఫీసులో ఎంత మంచి ఉద్యోగి కూర్చున్నా చోటు ఉండదు. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. చట్టమే కొత్తది రావాల్సి వచ్చింది. నా తప్పు దిద్దుకోవడానికి నాకు రెండు వారాలే పట్టింది, అంతవరకు అదృష్టవంతుణ్ని.

దిద్దడం ఎలాగో చెప్పింది పుస్తకాలు కాదు, గుమాస్తా తాత. పెద్దాయన వెళ్లిపోయిన మర్నాడు, సిగ్గు విడిచి ఆయన పక్కన కూర్చున్నాను.

"తాతా, నీ పుస్తకంల ఆయనది ఎట్ల రాసినవ్?"

ఎర్ర అట్ట పుస్తకం తెరిచాడు. మనిషికి ఒక పేజీ. పైన పేరు, ఊరు. ఎడమ వైపు జమ, కుడి వైపు ఖర్చు. ప్రతి వరుసలో తేదీ, అంకె, మధ్యలో ఒక చిన్న మాట. కాయ బాబతు. బాక్సుల బాబతు. అడ్వాన్సు బాబతు. కిరాయి బాబతు.

"ఈయన రైతా, ఖరీదుదారా అని ఎక్కడ రాసినవ్?" అన్నాను.

తాత నన్ను వింతగా చూశాడు. "గదెందుకు రాస్త? మనిషి మనిషే గదా. ఏ బాబతో రాస్తె సాలు."

చాలాసేపు ఆ పేజీ చూస్తూ కూర్చున్నాను. నేను మనిషికి అంటించిన దాన్ని ఆయన వరుసకు అంటించాడు. రైతుతనం మనిషిలో లేదు, ఆ రోజు జరిగిన పనిలో ఉంది. ఇంకో సంగతి కూడా గమనించాను. ఎవరైనా వచ్చి నా లెక్క ఎంత అంటే తాత పుస్తకం వాళ్ల చేతికివ్వడు. తనే చూసి జవాబు చెప్తాడు. పుస్తకం తన దగ్గరే, జవాబు మాత్రం బయటికి. ఎన్‌క్యాప్సులేషన్ మీద నేను రాసిన పది మార్కుల జవాబు కన్నా ఇది నయం. మారే అవకాశమున్న నిర్ణయాన్ని లోపల దాచి పెట్టుకో అని డేవిడ్ పార్నస్ అనే శాస్త్రవేత్త 1972లో ఒక పేపర్ రాశాడు. తాత ఆ పేపర్ చదవలేదు, అవసరం కూడా లేదు.

రెండు వారాలు రాత్రులు కూర్చుని మొత్తం మార్చాను. చెట్టు నరికేశాను. ఇప్పుడు 'వ్యక్తి' ఒక్కటే, పిల్లలు లేరు. ప్రతి వ్యక్తికి ఒక 'ఖాతా'. ఖాతాలో వరుసలు. ప్రతి వరుసకు ఒక బాబతు. ఒకసారి రాసిన వరుస మారదు. తప్పు రాస్తే కొట్టెయ్యడం లేదు, దాని కింద సరిచేసే ఇంకో వరుస రాయాలి. ఇది కూడా తాత పద్ధతే. ఎర్ర పేరు రూల్ ఉంది, కానీ అది ఖాతాను 'మొత్తం మీద ఎంత' అని అడుగుతుంది, లోపలికి తొంగి చూడదు. వారసత్వం కన్నా ఒకదానిలో ఒకటి అమర్చుకోవడం మేలు అని 1994లో వచ్చిన 'డిజైన్ ప్యాటర్న్స్' పుస్తకంలో ఉంది. నేను ఇంటర్వ్యూ కోసం ఆ పుస్తకం సారాంశం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ తల ఊపాను. దెబ్బ తగలకముందు ఆ మాటకు నాకు అర్థం లేదు.

ఇప్పుడు కొందరు అంటారు, ఇదంతా ఎందుకు బ్రో, ఏఐ రాసేస్తుంది కదా అని. మొన్న సరదాకు అడిగి చూశాను, పండ్ల కమీషన్ దుకాణానికి క్లాసులు రాసిపెట్టు అని. పది సెకన్లలో ఇచ్చింది. పైన వ్యక్తి, కింద రైతు, ఖరీదుదారు, హమాలీ. అచ్చం నా 2023 నాటి చెట్టే. కామెంట్లు మాత్రం నాకన్నా బాగా రాసింది. దాన్ని తప్పు పట్టను. అది కూడా మన ల్యాబ్ రికార్డులే చదివి పెరిగింది. వనస్థలిపురంలో బండి పెట్టుకున్న పెద్దాయన గురించి దానికి ఎవరు చెప్పాలి?

ఆఫీసులో కూడా ఇప్పుడు నా పని కొంచెం మారింది. కొత్త మాడ్యూల్ ఇస్తే వెంటనే క్లాసులు గీయను. ఆ పని రోజూ చేసేవాళ్లు ఎవరో కనుక్కుని, వాళ్ల ఎక్సెల్ షీట్ ఒకసారి చూపించమంటాను. అందులో ఎక్కడో ఒక మూల 'రిమార్క్స్' అని ఒక కాలమ్ ఉంటుంది. అసలు కథ అంతా అందులోనే ఉంటుంది. మా మేనేజర్‌కు ఇది టైమ్ వేస్ట్ అనిపిస్తుంది. స్ప్రింట్ మొదటి మూడు రోజులు నా పేరు మీద ఒక్క లైన్ కోడ్ కూడా ఉండదు. పోయినేడాది అప్రైజల్‌లో అది రాశారు కూడా. అయినా మానుకోలేదు. ఇందులో నేనేదో ఆరితేరానని కాదు. ఈ ఏడాది కూడా మూడు క్లాసులు రాసి రెండు చెరిపేశాను. మిగిలిన ఆ ఒక్కటి మీద కూడా అనుమానమే.

మామ దుకాణం మాత్రం కొత్త ప్రోగ్రామ్ మీదే నడుస్తోంది. పోయిన సీజన్‌లో ఒక కొత్త అవసరం వచ్చింది. ఖాళీ ప్లాస్టిక్ క్రేట్లు తీసుకెళ్లి తిరిగి ఇవ్వనివాళ్ల లెక్క. నాకు భయం వేసింది, మళ్లీ ఏం విప్పాలో అని. ఏం విప్పలేదు. 'క్రేట్ల బాబతు' అని ఒక మాట కలిపాను, అరగంట పని.

చౌటుప్పల్ పెద్దాయన 2024లో రాలేదు. మామ ఏదో పెళ్లిలో కలిసి మాట్లాడాడని విన్నాను, ఏం మాట్లాడుకున్నారో అడగలేదు. 2025 మే నెలలో ఒక రోజు నేను దుకాణంలో ఉండగా బండి వచ్చి ఆగింది. ఆయనే దిగాడు. నేనెవరో ఆయనకు తెలియదు. తూకం అయ్యింది, పాట అయ్యింది, మిషన్ తక్‌పట్టీ ఇచ్చింది. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, నేరుగా గుమాస్తా తాత దగ్గరికి పోయి కూర్చున్నాడు. "నువ్వు గూడ రాయి" అన్నాడు. తాత ఎర్ర పుస్తకం తీసి రాశాడు. జేబులోంచి కాగితం తీసి, రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. తర్వాత లేచి వెళ్లి, బండి మీద పట్టా కట్టుకోవడం మొదలుపెట్టాడు.